సోషల్ వర్క్ డిగ్రీ ఏ పనికి తయారు చేస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎమ్మెస్‌డబ్ల్యూలో, అంటే సోషల్ వర్క్ పీజీలో, చేరదామనుకునేవాళ్లు, చేరాక మొదటి సెమిస్టర్లోనే "ఇంతకీ ఉద్యోగం ఏమొస్తుంది?" అని బెంగపడేవాళ్లు, పిల్లల్ని చేర్చాలా వద్దా అని తేల్చుకోలేని తల్లిదండ్రులు మామూలుగా అడిగే ప్రశ్నలివి. జవాబులు ఎక్కువగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను దృష్టిలో పెట్టుకుని రాశాం.

సేవ చేయడానికి డిగ్రీ ఎందుకండీ?

సేవకు అక్కర్లేదు. వరదలొచ్చినప్పుడు పులిహోర పొట్లాలు పంచేవాళ్లను సర్టిఫికెట్ ఎవరూ అడగరు. కానీ ఇంట్లోంచి పారిపోయి రైల్వే స్టేషన్లో దొరికిన పన్నెండేళ్ల పిల్లవాణ్ని చూడండి. అతన్ని తిరిగి ఇంటికి పంపాలా, హోమ్‌లో ఉంచాలా అని బాలల సంక్షేమ సమితి తేల్చాలంటే, ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లి, చూసి, నలుగురిని అడిగి, కాగితం మీద పెట్టాలి. ఆ రాత తప్పయితే పిల్లవాడు కొట్టే తండ్రి దగ్గరికే చేరతాడు. డిగ్రీ అవసరమయ్యేది ఇలాంటి చోట.

మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. అప్పటి పేరు సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్. ఇప్పుడు టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అని పిలిచేది దాన్నే, హైదరాబాద్‌లోనూ దానికి క్యాంపస్ ఉంది.

ఎవరు చేరవచ్చు? బీఎస్‌డబ్ల్యూ తప్పనిసరా?

కాదు. బీఎస్‌డబ్ల్యూ అంటే సోషల్ వర్క్‌లో డిగ్రీ, అదే కాదు, ఏ డిగ్రీ అయినా ఎమ్మెస్‌డబ్ల్యూకు సరిపోతుంది. బీకాం, బీఎస్సీ, బీటెక్ చేసినవాళ్లూ చేరుతున్నారు. తెలంగాణలో ఉస్మానియా, కాకతీయ వంటి విశ్వవిద్యాలయాల సీట్లు సీపీగెట్ ప్రవేశ పరీక్ష ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర, నాగార్జున, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వంటివాటి సీట్లు ఏపీ పీజీసెట్ ద్వారా భర్తీ అవుతాయి. టిస్‌కు, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ రాయాలి. హైదరాబాద్‌లోని రోడా మిస్త్రీ కాలేజీ లాగా అచ్చంగా సోషల్ వర్క్ కోసమే ఉన్న కాలేజీలు తక్కువ.

బీఎస్‌డబ్ల్యూ చేసినవాళ్లకు ఒక లాభముంది. ఫీల్డ్‌కు వెళ్లి కొత్తవాళ్లతో మాట కలపడానికి పడే జంకు వాళ్లకు అప్పటికే పోయి ఉంటుంది. మిగతావాళ్లు రెండో సెమిస్టర్ నాటికి అందుకుంటారు.

కాలేజీని ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

భవనాన్ని, ప్లేస్‌మెంట్ బ్రోచర్‌ని పక్కన పెట్టి, సీనియర్లను మూడు విషయాలు అడగండి. ఫీల్డ్‌వర్క్‌కు ఏయే ఏజెన్సీలకు పంపుతున్నారు? ఒక్కో ఫ్యాకల్టీ సూపర్‌వైజర్ కింద ఎంతమంది విద్యార్థులున్నారు? వారం వారం ఐసీ, అంటే విద్యార్థితో సూపర్‌వైజర్ విడిగా కూర్చుని రికార్డు మీద మాట్లాడే సమావేశం, నిజంగా జరుగుతోందా, సంతకాలతో సరిపెడుతున్నారా? మూడో ప్రశ్నకు సీనియర్లు నవ్వితే ఆ కాలేజీ గురించి మీకు తెలియాల్సింది తెలిసినట్టే.

రెండేళ్లలో నేర్పేదేమిటి?

పుస్తకాల్లో ఆరు పద్ధతులంటారు: కేస్‌వర్క్, గ్రూప్‌వర్క్, కమ్యూనిటీ ఆర్గనైజేషన్, సంక్షేమ పరిపాలన, సోషల్ యాక్షన్, పరిశోధన. వీటికి తోడు సైకాలజీ, సోషియాలజీ, చట్టాలు, కౌన్సెలింగ్ పేపర్లుంటాయి. చాలా చోట్ల మూడో సెమిస్టర్ నుంచి స్పెషలైజేషన్, చివర్లో ఒక డిసర్టేషన్.

మొదటి మూడు పద్ధతులతోనే ఉద్యోగంలో రోజూ పని. ఒక మనిషితో కూర్చోవడం కేస్‌వర్క్, పదిమందిని కూర్చోబెట్టడం గ్రూప్‌వర్క్, బస్తీ మొత్తాన్ని కదిలించడం కమ్యూనిటీ ఆర్గనైజేషన్. పరిపాలన పేపర్‌ను విద్యార్థులు చాలా తేలిగ్గా తీసుకుంటారు. బడ్జెట్, స్టాఫ్ మీటింగ్ మినిట్స్, సొసైటీ రిజిస్ట్రేషన్ లాంటివి ఎవరికీ ఆసక్తి పుట్టించవు. మూడేళ్లు ఉద్యోగం చేశాక ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ అయితే మాత్రం రోజంతా అదే పని.

ఫీల్డ్‌వర్క్ అంటే ఎన్ని గంటలు? అంత ముఖ్యమా?

ఈ డిగ్రీకి ప్రాణం అక్కడే ఉంది. మామూలుగా వారానికి రెండు రోజులు, దాదాపు 15 గంటలు. సెమిస్టర్‌కు 15 వారాలనుకుంటే 225 గంటలు, నాలుగు సెమిస్టర్లకు 900. దసరా, సంక్రాంతి, పరీక్షలు, బంద్‌లు పోగా చేతికి వచ్చేది అంతకంటే తక్కువే. చివర్లో నాలుగు నుంచి ఆరు వారాలు ఒకే సంస్థలో రోజూ పనిచేసే బ్లాక్ ప్లేస్‌మెంట్, మధ్యలో ఒక పల్లెలో వారం పది రోజుల రూరల్ క్యాంప్ దీనికి అదనం.

పంపే చోట్లు రకరకాలు: ప్రభుత్వ ఆస్పత్రి, బాలసదనం, వృద్ధాశ్రమం, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి సెంటర్, స్కూలు, బస్తీలో పనిచేసే స్వచ్ఛంద సంస్థ, ఫ్యాక్టరీ. ఒక సెమిస్టర్ అంతా ఒకే చోట ఉండాలి. నెలకో చోటికి మారితే ఏ కేసూ మొదలై ముగియదు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, ఏజెన్సీ మిమ్మల్ని డేటా ఎంట్రీకో, జిరాక్స్‌లకో వాడుకోవడం ఒకటి. రెండు వారాలు చేయండి, ఆఫీసు ఎలా నడుస్తుందో తెలుస్తుంది. మూడో వారం కూడా అదే పనైతే ఫ్యాకల్టీ సూపర్‌వైజర్‌కు చెప్పాలి. నోరు మూసుకుని ఉంటే సెమిస్టర్ గడిచిపోతుంది, వైవాలో చెప్పడానికి ఏమీ మిగలదు. రెండోది విద్యార్థుల తప్పు: జాలిపడి మాట ఇచ్చేయడం. "మీకు పెన్షన్ వచ్చేలా చూస్తానమ్మా" అని ఒక్కసారి నోరు జారితే ఆవిడ ప్రతి బుధవారం మీ కోసం గుమ్మంలో కూర్చుంటుంది. దరఖాస్తు ఎలా పెట్టాలో, ఏ కాగితాలు కావాలో చెప్పడం, తోడుగా సచివాలయానికి వెళ్లడం వరకే మీ చేతిలో ఉంది. మాట కూడా అంతవరకే ఇవ్వాలి. మూడోది పరీక్షలు దగ్గరపడగానే మాయమవడం. ఏడో వారం నుంచే "ఇంకో ఆరు వారాలు వస్తాను, ఆ తర్వాత ఫలానా కార్యకర్త చూసుకుంటారు" అని చెబుతూ రావాలి.

ఫీల్డ్‌వర్క్ రికార్డు ఎలా రాయాలి?

తేదీ, వెళ్లిన టైము, వచ్చిన టైము, ఏం చేద్దామని వెళ్లారు, ఎవరిని కలిశారు, ఏం జరిగింది, మీరేం చేశారు, ఎక్కడ తడబడ్డారు, వచ్చేసారి ఏం చేయాలి. వరస ఇదే. తేడా అంతా "ఏం జరిగింది" దగ్గరే ఉంటుంది. ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది:

"ఈ రోజు బస్తీకి వెళ్లి ఒక మహిళను కలిశాను. ఆమె తన సమస్యలు చెప్పుకుంది. నేను కౌన్సెలింగ్ ఇచ్చాను. ఆమె సంతోషించింది."

ఇందులో సమాచారం సున్నా. అదే భేటీని ఇలా రాయవచ్చు:

"11.10కి వెళ్లాను. అరుగు మీద కూర్చున్నాం. లోపల మామగారు పడుకున్నారని గొంతు తగ్గించి మాట్లాడింది. టీబీ మందులు ఆపి పది రోజులైందట. 'ఆ మాత్ర వేసుకుంటే వాంతి, కూలికి పోలేకపోతున్నా' అంది. నేను వెంటనే 'ఆపకూడదు కదమ్మా' అనేశాను. ఆ తర్వాత ఆమె పెద్దగా మాట్లాడలేదు. తొందరపడ్డాను. వచ్చే బుధవారం మాత్ర ఎప్పుడు వేసుకుంటోందో, ముందు ఏమైనా తింటోందో అడగాలి. వాంతుల సంగతి ఈ రోజే టీబీ సూపర్‌వైజర్‌కు చెప్పాలి. టీబీ రోగుల తిండికిచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1,000 రూపాయలు పడుతున్నాయో లేదో పాస్‌బుక్ చూడాలి."

రెండో రికార్డు చదివిన సూపర్‌వైజర్‌కు ఏం నేర్పాలో తెలుస్తుంది. చదివిన డాక్టర్‌కు ఏం మార్చాలో తెలుస్తుంది. రేపు ఉద్యోగంలో మీ రిపోర్టు మెజిస్ట్రేట్ ముందుకో, సమితి ముందుకో వెళ్లినప్పుడు కావలసింది ఇలా రాసే అలవాటే. ఇంటికి వచ్చిన రాత్రే రాయాలి. మూడు రోజులాగితే ఆమె అన్న మాట పోయి మీ మాట మిగులుతుంది. సీనియర్ రికార్డు కాపీ కొట్టేవాళ్లు ఏటా ఉంటారు. ఊరి పేరు మార్చి బోరు బావి లోతు మార్చడం మరిచిపోయి వైవాలో దొరికిపోతుంటారు.

రూరల్ క్యాంప్‌లో ఊరి పటం ఎందుకు గీయిస్తారు?

ముగ్గు పిండి, రంగులు, చింతగింజలు పట్టుకుని ఊరివాళ్ల చేతే నేల మీద గీయిస్తారు. ఇళ్లు, వీధులు, బోర్లు, బడి, రేషన్ షాపు, ఎవరికి భూమి ఉంది, ఎవరింట్లో వికలాంగులున్నారు అన్నీ అందులోకి రావాలి. సర్వేలో వంద ఇళ్లు తిరిగినా తెలియనివి రెండు గంటల్లో బయటపడతాయి.

అయితే రచ్చబండ దగ్గర గీయిస్తే వచ్చేది పెద్ద వీధివాళ్ల ఊరు. ఎస్సీ కాలనీ పటంలో ఒక మూలన నాలుగు గీతలుగా ఉంటుంది, అక్కడి ఆడవాళ్లు దూరంగా నిలబడి చూసి వెళ్లిపోతారు. అందుకే కాలనీలో సాయంత్రం, పనుల నుంచి వచ్చాక, రెండో పటం గీయించాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిదాంట్లో లేని బోరు రెండోదాంట్లో చెడిపోయి కనిపిస్తుంది. ఫోటో తీసుకుని, పటాన్ని చార్టు మీదకు ఎక్కించి, ఆ చార్టు ఊళ్లోనే వదిలి రావాలి. పటం గీసినవాళ్లకు దాని కాపీ కూడా దక్కకపోవడం న్యాయం కాదు.

ఏ స్పెషలైజేషన్ తీసుకోవాలి?

మెడికల్ అండ్ సైకియాట్రిక్, కమ్యూనిటీ డెవలప్‌మెంట్, ఫ్యామిలీ అండ్ చైల్డ్ వెల్ఫేర్, లేబర్ వెల్ఫేర్ లేదా హెచ్ఆర్. పేర్లు కాస్త అటూ ఇటూ మారినా ఎక్కువ చోట్ల ఇవే. మెడికల్ తీసుకున్నవాళ్లకు స్వచ్ఛంద సంస్థల తలుపులు మూసుకుపోవు, కమ్యూనిటీ తీసుకున్నవాళ్లకు మాత్రం ఆస్పత్రి ఉద్యోగం కష్టమవుతుంది. ఎటూ తేల్చుకోలేనివాళ్లకు మేం మెడికల్ చెబుతుంటాం. అందులోని ఫీల్డ్‌వర్క్ ఆస్పత్రిలో జరుగుతుంది కాబట్టి కేసుకు కరువుండదు.

ఆస్పత్రిలో మెడికల్ సోషల్ వర్కర్ చేసేదేమిటి?

డాక్టర్ రోగాన్ని చూస్తారు. రోగి ఇంటికి వెళ్లాక ఏమవుతుందో చూడటం సోషల్ వర్కర్ పని. చెట్టు మీంచి పడి నడుం విరిగిన గీత కార్మికుణ్ని తీసుకోండి. ఆరోగ్యశ్రీలో ఆ చికిత్స ఉందా, లేకపోతే ఇంకేం దారి? డిశ్చార్జ్ అయ్యాక ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పేదెవరు? ఆ మనిషికి వార్డులోనే ఎవరైనా చేసి చూపించారా? చక్రాల కుర్చీ గుమ్మం దాటుతుందా? వికలాంగ ధ్రువపత్రానికి సదరం స్లాటు ఎప్పుడు? పిల్లల బడి? డిశ్చార్జ్ రోజు ఉదయం మొదలుపెట్టే పని కాదిది. చేరిన రెండో మూడో రోజే మొదలవ్వాలి.

ఎక్కువమందికి తెలియని ఉద్యోగం ఒకటుంది, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్. అవయవ మార్పిడి జరిగే ఆస్పత్రుల్లో ఈ పోస్టు తప్పనిసరి. 2014 నియమాల ప్రకారం వైద్య పట్టభద్రులు, నర్సులతో పాటు ఏ డిగ్రీ చేసినవారైనా అర్హులే, సోషల్ వర్క్ పీజీ ఉన్నవారికి ప్రాధాన్యం. తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ అనే అవయవదాన పథకంతో కలిసి పనిచేయాలి. బ్రెయిన్ డెత్‌ను నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారిస్తుంది. ఆ గంటల్లో కుటుంబంతో ఉండేది కోఆర్డినేటర్. మరణవార్త డాక్టర్ నోటి నుంచి రావాలి, దానం మాట ఆ తర్వాత, కుటుంబం ఆ వార్తను జీర్ణించుకున్నాక, కోఆర్డినేటర్ ఎత్తాలి. రెండూ ఒకే వాక్యంలో కలిపితే "అవయవాల కోసమే పోయాడంటున్నారు" అనుకుంటారు. అలా అనుకున్న ఇంట్లో తర్వాత ఏం చెప్పినా ఎక్కదు.

హెచ్ఐవీ పరీక్షా కేంద్రాలు, జిల్లా మానసిక ఆరోగ్య బృందాలు, క్యాన్సర్, పాలియేటివ్ కేంద్రాల్లోనూ పోస్టులుంటాయి.

ఎమ్మెస్‌డబ్ల్యూ మెడికల్ అండ్ సైకియాట్రిక్ చేస్తే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అయినట్టేనా?

చట్టం ప్రకారం కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఆ హోదాకు సోషల్ వర్క్‌లో పీజీ, దానిపైన రెండేళ్ల పూర్తికాల ఎంఫిల్ అడుగుతుంది. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీ సీఐపీ, తేజ్‌పూర్ సంస్థ దీనికి పేరున్న చోట్లు. చిక్కేమిటంటే, 2022 నిబంధనలతో యూజీసీ ఎంఫిల్‌ను ఎత్తేసింది. సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కూ, క్లినికల్ సైకాలజీకీ మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు ప్రవేశాలకు అనుమతి పొడిగించింది. కాబట్టి ఈ దారి పట్టేవాళ్లు పాత సీనియర్ల సలహాను కాకుండా ఆ ఏటి ప్రాస్పెక్టస్‌నే నమ్ముకోవాలి.

ఎమ్మెస్‌డబ్ల్యూతో డీ-అడిక్షన్ సెంటర్లలో, హెల్ప్‌లైన్లలో కౌన్సెలర్‌గా చేరవచ్చు. బోర్డు మీద "సైకియాట్రిక్ సోషల్ వర్కర్" అని రాసుకోవడం మాత్రం కుదరదు.

పిల్లల రక్షణ రంగంలో అవకాశాలెలా ఉన్నాయి?

పని ఎక్కువ, పోస్టులు కాంట్రాక్టువి. ప్రతి జిల్లాలో మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది. కేంద్ర మార్గదర్శకాల్లో ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు నెలకు 27,804 రూపాయలు, సోషల్ వర్కర్‌కు 18,536, ఔట్‌రీచ్ వర్కర్‌కు 10,592 అని ఉంది. పీజీ చేసి ఇంతేనా అని అడిగితే మా దగ్గర జవాబు లేదు. చేరేముందు ఈ అంకెలు తెలిసి ఉండటం మంచిదని మాత్రం చెప్పగలం.

పని గుండె ఎక్కడుందంటే సామాజిక దర్యాప్తు నివేదికలో. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం రక్షణ అవసరమైన పిల్లలను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకు తేవాలి, దర్యాప్తు 15 రోజుల్లో పూర్తవ్వాలి. తప్పు చేశారన్న ఆరోపణతో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వచ్చిన పిల్లల విషయంలోనూ నివేదికకు గడువు 15 రోజులే.

ఇంటికి వెళ్లినప్పుడు చెప్పాపెట్టకుండా యూనిఫాం పోలీసుతో వెళ్లొద్దు. వీధంతా కిటికీలోంచి చూస్తుంది, ఆ తర్వాత ఆ ఇంట్లో నిజం బయటికి రాదు. తల్లితో, తండ్రితో విడివిడిగా మాట్లాడాలి. బడికి వెళ్లి హాజరు పట్టీ చూడాలి: ఏ నెల నుంచి మానేశాడన్నది తల్లి చెప్పేదానికంటే ఆ పట్టీ కచ్చితంగా చెబుతుంది. నివేదికలో "కుటుంబ వాతావరణం బాగోలేదు" అని రాస్తే సమితి దాంతో చేసేదేమీ ఉండదు. "తండ్రి వారంలో నాలుగైదు రోజులు తాగి వస్తాడని తల్లి, ఇద్దరు పొరుగువారు విడివిడిగా చెప్పారు. పిల్లవాడి ఎడమ మోచేతిపై పాత మచ్చ ఉంది, బెల్టు దెబ్బ అని పిల్లవాడు చెప్పాడు. అమ్మమ్మ రెండు వీధుల అవతల ఉంటుంది, ఉంచుకుంటానంది" అంటే నిర్ణయానికి దారి దొరుకుతుంది. చూసిందేదో, విన్నదేదో, మీరు అనుకున్నదేదో వేరువేరుగా ఉండాలి.

ఇంకో మాట. పిల్లల పేరు, ఫోటో, బడి వివరాలు బయటపెడితే ఈ చట్టంలోని 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. వాట్సాప్ స్టేటస్‌లో "ఈ రోజు రెస్క్యూ" అని పెట్టిన ఫోటోకూ ఇది వర్తిస్తుంది. ట్రెయినీలు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) కేసుల్లో పిల్లలకు తోడుండే సపోర్ట్ పర్సన్, గృహహింస చట్టం కింద కేసులు చూసే సిబ్బంది, సఖి కేంద్రాల్లో కేస్‌వర్కర్, దత్తత సంస్థల్లో హోమ్ స్టడీ రాసే సోషల్ వర్కర్, ఇవన్నీ ఇదే నైపుణ్యం మీద నడుస్తాయి.

హెచ్ఆర్‌లో ఎంబీఏ వాళ్లతో పోటీ పడగలమా?

కార్పొరేట్ ఆఫీసులో కష్టమే. షాప్ ఫ్లోర్‌లో పడగలరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 500 మంది, అంతకుపైన కార్మికులున్న చోట వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలంది. 2020 నాటి కొత్త వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 250కి దించింది. క్యాంటీన్, క్రెష్, కాంట్రాక్టు కార్మికుల గొడవలు, ప్రమాదం జరిగిన ఇంటికి వెళ్లడం, వీటిలో ఎమ్మెస్‌డబ్ల్యూ చేసినవాళ్ల చేయి తేలిగ్గా ఆడుతుంది. లెక్కలు రాకపోతే మాత్రం ఇంటర్వ్యూలో నిలబడలేరు: పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ కార్మికుడి వాటా 0.75, యజమాని వాటా 3.25, ఈఎస్ఐ వేతన పరిమితి నెలకు 21,000. ఒక జీతం స్లిప్పు చేతికిచ్చి కోతలు వేయమంటారు. ఇంట్లో పది స్లిప్పులు వేసి వెళ్లండి.

పది మంది లేదా ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. సభ్యుల అర్హతల్లో సోషల్ వర్క్ అనుభవాన్ని ఆ చట్టమే ప్రస్తావించింది.

సీఎస్ఆర్, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగాలకు ఏం కావాలి?

రాయడం, లెక్క, తిరగడం. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సీఎస్ఆర్, అంటే కంపెనీ సామాజిక బాధ్యత, కింద ఖర్చు పెట్టాలి. డబ్బు కంపెనీది, పని ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలది. మధ్యలో ప్రపోజల్, త్రైమాసిక నివేదిక, వినియోగ పత్రం. "500 మందికి శిక్షణ ఇచ్చాం" అని రాస్తే "తర్వాత వాళ్లేం చేస్తున్నారు?" అని తిరుగు టపా వస్తుంది. శిక్షణకు ముందు పరిస్థితి ఏమిటో నమోదు చేయకపోతే ఆ ప్రశ్నకు జవాబుండదు. ప్రాజెక్టు మొదటి నెలలోనే బేస్‌లైన్ తీయాలనేది అందుకే. ఎక్సెల్‌లో పివట్ టేబుల్ వేయగలిగిన ఎమ్మెస్‌డబ్ల్యూ అభ్యర్థిని సంస్థలు వదులుకోవు. సిలబస్‌లో అది మీకు కనిపించకపోవచ్చు, సొంతంగా నేర్చుకోవాల్సిందే.

విదేశీ నిధులు తీసుకునే సంస్థలకు 2020 సవరణతో పరిపాలన ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి పడిపోయింది. చేరబోయే సంస్థ నిధులు ఎక్కడివో, ప్రాజెక్టు ఎప్పుడు ముగుస్తుందో ఇంటర్వ్యూలో మీరే అడగండి. అందులో తప్పేమీ లేదు.

ప్రభుత్వ నోటిఫికేషన్లలో జాగ్రత్తలు?

అర్హత వాక్యాన్ని అక్షరం అక్షరం చదవండి. "ఎమ్మెస్‌డబ్ల్యూ" అని ఉన్నచోట "ఎంఏ సోషల్ వర్క్" చేసినవాళ్లను వెరిఫికేషన్‌లో ఆపేయడం జరుగుతుంటుంది. మీ డిగ్రీ పేరు వేరేగా ఉంటే విశ్వవిద్యాలయం నుంచి సమానార్హత పత్రం ముందే తెచ్చుకుని ఉంచుకోండి, నోటిఫికేషన్ వచ్చాక పది రోజుల్లో అది దొరకదు. అనుభవ ధ్రువపత్రం మీద చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, సంతకం, ముద్ర ఉండాలి. "సుమారు రెండేళ్లు పనిచేశారు" అని రాసిచ్చే సంస్థలున్నాయి, ఆ కాగితం చెల్లదు. అధ్యాపక వృత్తికి యూజీసీ నెట్‌లో సోషల్ వర్క్ సబ్జెక్టు కోడ్ 10.

మన దేశంలో సోషల్ వర్కర్లకు లైసెన్స్ ఉందా?

న్యాయవాదులకు, నర్సులకు ఉన్నట్టు వృత్తి మొత్తానికీ ఒక కౌన్సిల్ లేదు. అందుకే ఎవరైనా "సామాజిక కార్యకర్త" అని కార్డు కొట్టించుకోగలుగుతున్నారు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మాత్రం తన జాబితాలో క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్లను చేర్చింది.

విదేశాల్లో మన ఎమ్మెస్‌డబ్ల్యూ చెల్లుతుందా?

నేరుగా చెల్లదు, మదింపు చేయించుకోవాలి. అమెరికాలో సీఎస్‌డబ్ల్యూఈ, ఆస్ట్రేలియాలో ఏఏఎస్‌డబ్ల్యూ ఆ పని చేస్తాయి. ఇంగ్లండ్‌లో సోషల్ వర్క్ ఇంగ్లండ్ దగ్గర నమోదు కావాలి. అందరూ అడిగేది ఫీల్డ్‌వర్క్ గంటలే. అమెరికా ఎమ్మెస్‌డబ్ల్యూకు కనీసం 900 గంటలు. మన మార్కుల మెమోలో "ఫీల్డ్‌వర్క్: 100కి 78" అని ఉంటుంది తప్ప గంటలుండవు. కాబట్టి కోర్సు అయిపోయిన వారంలోనే, మిమ్మల్ని గుర్తుపట్టే ప్రొఫెసర్లు అక్కడ ఉండగానే, ఏజెన్సీల పేర్లు, తేదీలు, గంటలు, సూపర్‌వైజర్ అర్హతతో లెటర్‌హెడ్ మీద ధ్రువపత్రం రాయించుకోండి. ఆరేళ్ల తర్వాత డల్లాస్ నుంచి ఫోన్ చేసి అడిగితే హాజరు రిజిస్టర్లు ఎక్కడున్నాయో అక్కడ ఎవరికీ తెలియదు.

దూరవిద్యలో చేస్తే?

ఇగ్నో ఎమ్మెస్‌డబ్ల్యూలోనూ ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. ఇప్పటికే ఈ రంగంలో పనిచేస్తున్నవాళ్లకు బాగుంటుంది. కొత్తవాళ్లకు మేం చెప్పం. వారం వారం ఎదురుగా కూర్చుని తప్పులు దిద్దే మనిషి లేని లోటు తర్వాత తీరదు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

"ఒక కేసు చెప్పండి" అంటారు. రెండు మూడు నిమిషాల్లో చెప్పాలి: మనిషి ఎలా మీ దగ్గరికి వచ్చారు, ముందు మీరేం అనుకున్నారు, వెళ్లి చూశాక ఏం మారింది, ఏం చేశారు, ఏది పనిచేయలేదు, కేసు ఎలా ముగించారు. చివరి రెండూ చెప్పగలిగేవాళ్లు తక్కువ, ప్యానెల్ వాటికోసమే ఎదురుచూస్తుంది. అన్నీ సవ్యంగా జరిగిపోయాయని చెబితే మీరు ఫీల్డ్‌కు వెళ్లలేదని అనుమానిస్తారు. "మీ జిల్లాలో సఖి సెంటర్ ఎక్కడుంది? 1098 ఏమిటి? 14416 ఏమిటి?" లాంటివీ ఉంటాయి. మొదటిది వెళ్లి చూసి రండి. 1098 పిల్లల హెల్ప్‌లైన్, 14416 మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్.

రికార్డు చూపించమంటే అసలు పుస్తకం తీసుకెళ్లొద్దు. రెండు మంచి భేటీలను జిరాక్స్ తీసి, పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు నల్ల మార్కర్‌తో కొట్టేయండి. కొట్టేసిన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే కింద పేరు చదవడానికి వస్తుంది. దాన్ని మళ్లీ ఒకసారి జిరాక్స్ తీసి, ఆ కాపీని ఫైల్లో పెట్టుకోండి.